సర్కారు రేటు, నా బేరం

మా ఇంటికి కారు రావడంలో మావారి కోరిక ఏమీ లేదు, నాది అంతకన్నా లేదు. కరీంనగర్‌లో మా ఎదురింట్లో ఉండే ఇంజినీరు గారికి బదిలీ అయింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి నాలుగైదేళ్లు. ఇక్కడి ఆఫీసర్లను ఆంధ్ర వైపు, అక్కడివాళ్లను ఇటు తిప్పుతున్న రోజులు. అంత దూరం ఈ పాత బండిని తోలుకుపోవడం కష్టమని, మీరు తీసుకుంటే నాకు బెంగ ఉండదని ఆయన మావారిని అడిగారు. మావారు వకీలు. కోర్టులో ఎదుటి పక్షం సాక్షిని నిలువునా నీరు కారుస్తారు కానీ, ఇంటి గుమ్మంలో నిలబడి అడిగిన మనిషికి కాదని చెప్పలేరు. అట్లా ఒక బూడిద రంగు విలాయతీ కారు మా వాకిట్లోకి వచ్చి నిలబడింది.

వచ్చిన తర్వాత చాలా రోజులు అది నిలబడే ఉంది. మావారికి దూరపు చూపు తక్కువ. అయినా పట్టుదలగా నేర్చుకోబోయి, ఒకనాడు ముందుకు పోవలసిన బండిని వెనక్కి పోనిచ్చి మా బావి గట్టును గుద్దారు. కళ్లద్దాలు మారిస్తే సరిపోతుందని ఆ సాయంత్రమంతా వాదించారు. తెల్లారి కేసు వదులుకున్నారు.

అప్పుడు నేను పూనుకున్నాను. మా గల్లీలో పోలీసు శాఖలో డ్రైవరుగా చేసి రిటైరైన ఒక ముసలాయన ఉండేవాడు. మానేరు ఒడ్డున ఖాళీ జాగాలో ఆయన నాకు నేర్పాడు. "ఆహిస్తా అమ్మా, మెల్లగ, ఆహిస్తా" అనే మాట తప్ప ఆయన నోట ఇంకో పాఠం విన్నట్టు గుర్తు లేదు. చూడటానికి జనం వచ్చేవారు. కొందరు దూరంగా, కొందరు ఇంకా దూరంగా నిలబడేవారు. చివరికి లైసెన్సు వచ్చింది. కరీంనగర్‌లో లైసెన్సున్న ఆడమనిషిని నేనొక్కదాన్నే అని ఊరంతా చెప్పుకునేదాన్ని. ఎవరూ లెక్క తీయలేదు కాబట్టి ఎవరూ కాదనలేదు.

నా గురించి ఇంకో సంగతి చెప్పాలి. బేరం చేయడంలో నాకు పేరుంది. కూరగాయల దగ్గర, గాజుల దగ్గర, ముఖ్యంగా చీరల దగ్గర. నా పద్ధతి ఒకటే. చెప్పిన ధరలో సగం అడగడం, కాదంటే లేచి నడవడం. దుకాణం మెట్లు దిగేలోపు వెనకనుంచి పిలుపు వస్తుంది. బజారులోని బట్టల సేటు నన్ను అట్లా ఎన్నిసార్లు వెనక్కి పిలిచాడో ఆయనకే తెలియాలి. ఆ సేటే పక్క వ్యాపారంగా బీమా ఏజెంటు పని కూడా చేసేవాడు. ఇంజినీరు గారి కారుకు బీమా చేసింది ఆయనే. పాత పాలసీ ముగిసే రోజులు దగ్గర పడ్డాయని ఒక ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చాడు.

మావారు వరండాలో ఉన్నారు. నేను లోపల చాయ్ కాస్తున్నాను. వాళ్ల మాటలు నాకు వినపడుతూనే ఉన్నాయి.

"బండి మీరే నడుపుతరా, వకీల్ సాబ్?" అని సేటు అడిగాడు.

"నాతోని యాడైతది? నడిపే మనిషి వేరే ఉన్నది."

"జీతం మీదనేనా?"

"జీతమా? నా సంపాదనంతా ఆ మనిషి చేతులనే పడుతది" అని మావారు పకపకా నవ్వారు.

నేను చాయ్ పళ్లెంతో బయటికి వచ్చాను. "ఇగో, మా డ్రైవర్ వచ్చింది" అన్నారు మావారు. సేటు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. తన కాగితం వంక చూసుకున్నాడు. మళ్లీ నన్ను చూశాడు. గొంతు సవరించుకుని, "అట్లయితే జర ఎక్కువైతది సాబ్. ఇంజినీరు సాబ్ తనే నడుపుకునేటోడు. మీకేమో డ్రైవర్..." అని ఆగాడు.

నేను పళ్లెం కింద పెట్టాను.

"ఎందుకు ఎక్కువైతది సేటు?"

"డ్రైవర్ ఉంటే జర..."

"డ్రైవర్ ఆడదైతే బండికి తెలుస్తదా? పెట్రోల్ ఎక్కువ తాగుతదా?"

"అది కాదమ్మా, జీతం..."

"జీతం ముచ్చట మీకెందుకు? మా ఇంట్ల ఎవలి సంపాదన ఎవలి చేతుల పడితె మీకేంది? మగోళ్లు గుద్దుతలేరా? మొన్న బస్సు తీస్కపోయి మోరీల పడేసింది ఆడదా?"

ఆయన నోరు తెరిచినప్పుడల్లా నేను ఒక ప్రశ్న వేశాను. నా ప్రశ్నలకు జవాబు అక్కర్లేదు. అవి అట్లాంటి ప్రశ్నలు. మావారు పేపరు పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"ఇగో, ఇంటున్నరా? మీరేమనరేంది?" అన్నాను.

"కంపెనీకి ఏదన్న రూలు ఉంటదేమో" అని పేపరు వెనకనుంచి వినిపించింది.

"ఉంటె చూపియ్యమనుండ్రి!"

సేటు దగ్గర చూపించడానికి ఏమీ లేదు. నిలబడే చాయ్ తాగేసి, హైదరాబాద్ నుంచి కంపెనీ ఇన్‌స్పెక్టరు వస్తాడని, ఆయననే అడుగుదామని గొణిగి వెళ్లిపోయాడు. ఆయన పోయాక నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఆడదానివి నీకెందుకు అనిపించుకున్న కోపం చాలా ఏళ్లుగా ఎవరో ఒకరి మీద తీర్చుకోవాలని ఉండేది. సేటు దొరికాడు.

ఆ వారమే మహిళా మండలి సమావేశంలో ఈ సంగతి చెప్పాను. బండి నడిపేది ఆడదైతే బీమా కంపెనీలు ఎక్కువ గుంజుతున్నాయని, ఇది ఒక్క నా సమస్య కాదని, రేపు మన ఆడపిల్లలందరి సమస్య అని మాట్లాడాను. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు ఆగాక ఒకామె, "ప్రీమియం అంటే ఏందక్కా?" అని అడిగింది. నాకూ సరిగా తెలియని విషయాన్ని ఆమెకు అరగంట సేపు వివరించాను.

కొన్ని రోజులకు ఒక భూమి కేసు పని మీద ఆదిలాబాద్ నుంచి ఒకాయన మావారి దగ్గరికి వచ్చాడు. తెల్ల టోపీ, ధోవతి. తెలుగులో సగం మరాఠీ కలుస్తుంది. నన్ను వదినను పిలిచినట్టు 'వైనీ' అని పిలిచేవాడు. ఆయన ఇంకో కంపెనీకి బీమా ఏజెంటని మాటల్లో తెలిసింది. నా ప్రాణం లేచి వచ్చింది. ఒక దుకాణంలో కుదరకపోతే పక్క దుకాణం ఉండనే ఉంటుంది కదా.

కారు వివరాలన్నీ చెప్పాను. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి, పెన్సిలుతో లెక్క వేసి, సంవత్సరానికి ఇంత అని చెప్పాడు. నేను అలవాటు ప్రకారం అందులో సగం అన్నాను.

ఆయన నవ్వాడు. "వైనీ, గిండ్ల బేరం నడువది. పక్క కంపెనీకి పోండ్రి, గిదే రేటు. హైదరాబాద్ పోండ్రి, బొంబై పోండ్రి, గిదే రేటు. బరాబర్ గింతే. నయా పైస ఫరక్ ఉండది."

చీరల దుకాణాల్లో ఈ మాట చాలా విన్నాను. లేచి లోపలికి నడిచాను. వరండానుంచి హాల్లోకి, హాల్లోంచి వంటింటి గడప దాకా మెల్లగా నడిచాను. వెనకనుంచి పిలుపు రాలేదు. తిరిగి చూస్తే ఆయన చాయ్ సాసరులో పోసుకుని ఊదుకుంటున్నాడు. పిలవని చోటికి తిరిగి రావడానికి ఏదో ఒక వంక కావాలి కాబట్టి వక్కపొడి డబ్బా పట్టుకుని వచ్చి కూర్చున్నాను. మావారు నావైపు చూడకుండా ఉండటానికి చాలా ప్రయత్నించారు.

"పోనీ మీకు కమీషన్ వస్తది గదా. గండ్లకెల్లి జర తగ్గియ్యరాదు?" అన్నాను.

ఆయన రెండు చెవులూ పట్టుకున్నాడు. "నక్కో వైనీ, నక్కో! గట్ల ఇచ్చిన అని తెలిస్తె నా లైసెన్సు పోతది. ఇచ్చుడు నా తప్పు, తీసుకునుడు మీ తప్పు. గది కానూన్."

"అంటే కంపెనీలన్నీ ఒక్కటై, ఒక్కటే రేటు పెట్టుకుని, జనాన్ని దోచుకుంటున్నయన్నట్టు! ఇది సర్కారుకు తెలుసా?"

"తెలుసుడేంది? సర్కారు కానూన్ పెట్టవట్టే గీ రేటు ఒక్క తీరుగ ఉన్నది" అన్నాడు ఆయన, సాసరు కింద పెట్టి. తర్వాత ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. పోటీ మీద పడి రేట్లు కోసుకుంటూ పోయే కంపెనీకి, రేపు ఎవరి బండో గుద్దుకుని పైసలు ఇయ్యవలసి వచ్చినప్పుడు పెట్టె ఖాళీగా ఉంటుంది. నష్టపోయేది పాలసీ తీసుకున్నవాడు, దెబ్బ తిన్నవాడు. అందుకని చట్టం కింద ఒక కమిటీ కూర్చుని, ఏ బండికి ఎంత అనేది పుస్తకంలో రాసిపెడుతుంది. ఆ రేటును ఏ కంపెనీ దాటకూడదు.

"తక్కువకు ఇయ్యొద్దు, ఎక్కువ గుంజొద్దు. అందరికి ఒక్కటే తరాజు" అని ముగించాడు.

నాకు అందులో ఒక్క మాటే వినపడింది. "ఎక్కువ గుంజొద్దా?"

"గుంజొద్దు."

"ఆ పుస్తకంల, నడిపేది ఆడదైతే ఎక్కువ తీసుకోవాలె అని ఉన్నదా?"

ఆయన పుస్తకం తెరిచి, కళ్లద్దాలు పెట్టుకుని, పేజీలు తిప్పాడు. "ఇంజన్ ఎంత పెద్దది, బండి ఖరీదెంత, సొంతానికా కిరాయికా, గివ్వే చూస్తరు వైనీ. ఆడోళ్లు మొగోళ్లు అని నాకైతె ఏడ కనపడ్తలేదు."

ఒక్క నిమిషం కింద దోపిడీ అనిపించిన చట్టం నాకు తోబుట్టువులా కనపడింది. ఆయనను మర్యాదగా కూర్చోబెట్టి ఇంకో చాయ్ ఇచ్చాను. "ఇప్పుడే ఈయనతోని చేయిస్తె అయిపోతది గదా" అన్నారు మావారు పడక కుర్చీలోంచి. అయిపోతుంది. అది నాకు తెలుసు. కానీ సేటును అట్లా వదిలిపెడితే నా ఉపన్యాసం ఏం కావాలి? ముందు న్యాయం తేలాలి, ఆ తర్వాతే పాలసీ అన్నాను. ఆదిలాబాద్ ఆయన వాయిదా చూసుకుని తన దారిన తాను వెళ్లిపోయాడు.

ఈలోగా పాత పాలసీ గడువు ముగిసింది. బీమా లేని బండి రోడ్డెక్కితే చట్టరీత్యా నేరం అని మావారు తాళం చెవి తీసి బీరువాలో పెట్టారు. అట్లా కారు వాకిట్లోనే ఉండిపోయింది, నేను కారు నడిపే ఆడవాళ్ల హక్కుల కోసం సైకిల్ రిక్షాలో బజారుకు వెళ్లాను.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు అది. పట్టుచీర కట్టుకున్నాను. మావారి బీరువాలోంచి లావుపాటి చట్టం పుస్తకం ఒకటి తీసి చంకలో పెట్టుకున్నాను. అది చదవలేదు, చదవాలని కూడా అనుకోలేదు, చేతిలో ఉంటే చాలనుకున్నాను. సేటు దుకాణం మేడ మీద గదిలో ఇన్‌స్పెక్టరు కూర్చుని ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా, కోస్తా వైపు మనిషి. లేచి నమస్కారం పెట్టి, సోడా తెప్పించాడు. నేను సోడా ముట్టకుండా మొదలుపెట్టాను.

మహిళా మండలిలో చెప్పిందంతా చెప్పాను, అక్కడ మరిచిపోయింది కూడా చెప్పాను. రేట్లు సర్కారు చట్టం కింద ఖాయం అయినవని, ఎక్కువ గుంజే అధికారం ఏ కంపెనీకీ లేదని, ఆడ మగ తేడా చూపమని ఏ పుస్తకంలో ఉందో చూపించాలని నిలదీశాను. ఆ మాటతో నా చంకలోని పుస్తకాన్ని ఆయన ముందు బల్ల మీద దబ్బున పెట్టాను.

ఇన్‌స్పెక్టరు దాని అట్ట వంక చూశాడు. నేనూ అప్పుడే చూశాను. అది కౌలుదారీ చట్టం.

ఆయన పుస్తకాన్ని మెల్లగా పక్కకు జరిపి, "మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజమండీ" అన్నాడు. "మా రేట్ల పుస్తకంలో ఆడవాళ్లకీ మగవాళ్లకీ తేడా లేదు. అసలు ఎక్కువ ఎందుకేశావయ్యా?" అని సేటు వైపు తిరిగాడు.

సేటు నావైపు భయంగా చూశాడు. "ఇప్పుడన్న చెప్పనిస్తరా అమ్మా?"

"చెప్పుండ్రి!"

"పెయిడ్ డ్రైవర్ సార్" అన్నాడు ఇన్‌స్పెక్టరుతో. "ఓనర్ వకీల్ సాబ్. ఆయన నడుపడు. నడిపే మనిషి వేరే ఉన్నది అన్నడు. జీతం మీదనేనా అంటే నా సంపాదనంతా ఆ మనిషికే పోతది అన్నడు. జీతం డ్రైవర్ ఉంటే కొంచెం ఎక్కువ కట్టాలె గద సార్. గదే ఏసిన."

"ఆవిడ వారి భార్య అని నీకు తెలీదా?"

"ఎందుకు తెలువది సార్, ఇన్నేండ్ల సంది చీరలు అమ్ముతున్న. కాని వకీల్ సాబ్‌లు ఇన్‌కం టాక్స్ కోసం ఏమేమో చేస్తరు గదా. భార్య పేరు మీద జీతం రాసుకున్నడేమో అనుకున్న. గది వాళ్ల ఇంటి ముచ్చట, మనం అడిగితె బాగుండది. అమ్మకు చెప్దామంటె నోరు తెరవనియ్యలే."

కింద దుకాణంలో ఎవరో గజం కట్టెతో గుడ్డ కొలుస్తున్న చప్పుడు వినపడుతోంది. ఇన్‌స్పెక్టరు చేతిరుమాలు తీసి మొహం తుడుచుకుంటున్నట్టు చాలాసేపు అడ్డం పెట్టుకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

రుమాలు తీశాక ఆయనే విడమరిచి చెప్పాడు. జీతానికి పెట్టుకున్న డ్రైవరుకు పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం ఇచ్చే బాధ్యత యజమానిది. ఆ బాధ్యతను కంపెనీ తన మీద వేసుకోవడానికి కట్టేదే ఆ ఎక్కువ మొత్తం. "అది డ్రైవరు మీద అనుమానంతో వేసేది కాదండీ. డ్రైవరు బాగు కోసం వేసేది" అన్నాడు.

అంటే ఆ కాగితం మొత్తంలో నా మేలు కోరి రాసిన ముక్క అదొక్కటే. దాన్ని కొట్టేయించడానికి నేను పట్టుచీర కట్టుకుని వచ్చాను.

"మరి జీతం లేని భార్యకు దెబ్బ తగిలితే?" అని అడిగాను. ఈసారి నా గొంతు నాకే చిన్నగా వినపడింది.

ఆయన నవ్వడం మానేశాడు. "ఆ పద్దు కింద రాదండీ. మీరు ఉద్యోగి కాదు కదా" అన్నాడు.

సోడా తీసుకుని తాగాను. వెచ్చబడిపోయింది.

ఆ ఎక్కువ మొత్తాన్ని అక్కడికక్కడే కొట్టేశారు. ఇంజినీరు గారు ఎంత కట్టారో నేనూ అంతే కట్టాలని తేలింది. మావారు మొదటినుంచీ పూర్తి పాలసీయే తీసుకోవాలన్నారు. రోడ్డు మీద ఇతరులకు తగిలే దెబ్బలే కాక, మన బండికి, ఎదుటివాళ్ల ఆస్తికి జరిగే నష్టం కూడా అందులో వస్తుంది. నా డ్రైవింగు మీద నమ్మకంతో అన్నారో, నమ్మకం లేక అన్నారో నేను అడగలేదు. లేచేముందు నోరు ఊరుకోక, "ఇంత దూరం వచ్చిన గదా, జర తగ్గియ్యరాదు?" అన్నాను. సేటూ ఇన్‌స్పెక్టరూ ఒకేసారి కాదని తల ఊపారు.

ఇంటికి వచ్చేసరికి మావారు కోర్టునుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు. "గెలిచినవా?" అని అడిగారు.

"గెలిచిన. ఇయ్యాల్టి సంది నాకు జీతం ఇయ్యాలె."

జరిగిందంతా విని ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, "జీతం ఇస్తె బీమా కిస్తు పెరుగుతది మరి, ఆలోచించుకో" అన్నారు. ఆ రోజు ఆయనకు పచ్చిపులుసులో ఉప్పు వేయలేదు. కావాలని కాదు, నిజంగానే మరిచిపోయాను. కానీ ఆయన నమ్మలేదు.

మహిళా మండలిలో గెలిచామని మాత్రం చెప్పాను. ఎట్లా గెలిచామని ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత కొండగట్టు గుడికి పోయి బండికి పూజ చేయించాం. చుట్టుపక్కల పెళ్లిళ్లకు, మావారి వాయిదాలకు అంతా నేనే నడిపాను. వరి కోతలప్పుడు ఒకనాడు మేమిద్దరం పెద్దపల్లికి బయలుదేరాం. సుల్తానాబాద్ దగ్గర రోడ్డు సగం దాకా వడ్లు ఎండబోశారు. రైతు కష్టాన్ని తొక్కడం నాకు ఇష్టం లేదు. వడ్లను తప్పించి బండిని పక్కకు తిప్పాను. పక్కన ఒక చాయ్ హోటలు ఉంది. హోటలంటే నాలుగు గుంజలు, పైన గడ్డి కప్పు. అందులో ముందు గుంజ నా బండికి తగిలింది.

కప్పు ఒక్కసారిగా పడలేదు. అలసిపోయిన మనిషి కూర్చున్నట్టు మెల్లగా కూర్చుంది. లోపల బెంచీ మీద ఉన్నవాళ్లు గ్లాసులు వదిలి బయటికి దూకారు. హోటలాయన మాత్రం కాసేపు కనపడలేదు. తర్వాత గడ్డిలోంచి ముందు ఒక కెటిలు బయటికి వచ్చింది, దాని వెనక ఆయన వచ్చాడు. ఎవరికీ గీత కూడా పడలేదు. కెటిల్లో చాయ్ కూడా ఒలకలేదు.

"ఏందవ్వా, బండి ఆపెతందుకు గిదేనా జాగ?" అన్నాడు హోటలాయన.

నేను బండి దిగి, కొంగు బిగించి, "ఫికర్ చెయ్యకు. బీమా ఉన్నది!" అని గట్టిగా చెప్పాను.

ఆయన నా వెనక చూశాడు. కారులో మావారు తప్ప ఎవరూ లేరు. "బీమా ఎవలు? యాడున్నడు?"

"మన బీమయ్యనా?" అన్నాడు గుంపులోంచి ఒకాయన. "వాడు మొన్ననే బొంబై పోయిండు గదా!"

అది పూర్తిగా తప్పు మాట కాదు. కంపెనీ పెద్దాఫీసు అక్కడే ఉండేది.

మావారు దిగి, బీమా అంటే ఏమిటో చెప్పబోయి, వాళ్ల మొహాలు చూసి మానుకున్నారు. అందరూ కలిసి గడ్డి ఎత్తారు, నేనూ ఒక పక్క పట్టాను. కంపెనీవాళ్లు చూడక ముందు మనం ఏదీ ఒప్పుకోకూడదు, ఇయ్యకూడదు అని పాలసీలో రాసి ఉందని మావారికి తెలుసు. కానీ హోటలాయన పొయ్యి ఆ పూటే వెలగాలి. మావారు అక్కడే నలుగురి ముందు తప్పు మాదేనని ఒప్పుకుని, కొత్త గుంజకూ గడ్డికీ పైసలు ఇచ్చారు. కోర్టులో ఎంతోమందికి 'ఒప్పుకోవద్దు' అని చెప్పే మనిషి అట్లా ఒప్పుకోవడం నేను మొదటిసారి చూశాను. పెద్దపల్లికి మిగిలిన దారంతా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

దాని తర్వాత సేటు వచ్చి చూశాడు, కంపెనీ మనిషి వచ్చి చూశాడు. చూడకముందే ఎందుకు ఇచ్చారని కంపెనీ ఉత్తరాలు రాసింది. మావారు వకీలు భాషలో జవాబులు రాశారు. చాలా నెలలకు గుంజకూ కప్పుకూ, మా బండి ముందు దీపానికీ పైసలు వచ్చాయి. పగిలిన గ్లాసులకు రసీదు లేదని రాలేదు. ఆ గ్లాసులు నేనే బజారులో బేరమాడి కొనిచ్చాను. అక్కడ మాత్రం సగం ధరకే ఇచ్చారు.

మరుసటి ఏడు కిస్తు కట్టడానికి సేటు దుకాణానికి పోయాను. ఏడాదంతా ఏ నష్టమూ అడగనివాళ్లకు పుస్తకం ప్రకారం కొంత తగ్గింపు ఉంటుంది. నాకు లేదన్నాడు.

"నేను కావాలని గుద్దలే సేటు. రైతు వడ్లు తొక్కొద్దని గుద్దిన" అన్నాను.

"నాకు తెలుసమ్మా. కాని పుస్తకంల వడ్ల ముచ్చట లేదు" అన్నాడు. మనిషి నిజంగానే బాధపడ్డాడు. అదే చేత్తో నాకొక చీర తీసి చూపించాడు. దాన్ని మాత్రం బాగా తగ్గించి ఇచ్చాడు. అందులో నా గొప్ప ఎంత ఉందో, ఆయన జాలి ఎంత ఉందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇంకో నాలుగైదేళ్లకు బండ్ల బీమా రేట్లు పెరిగాయి. నాకూ సేటుకూ సంబంధం లేదు, ఏ కంపెనీకి పోయినా అంతే. మా వీధి చివర ఒక డాక్టరు గారు ఉండేవారు. ఊళ్లో ఆయనంత జాగ్రత్తగా కారు నడిపే మనిషి ఇంకొకరు లేరు. ఖాళీ రోడ్డు మీద కూడా హారన్ కొడుతూ, నడిచిపోయేవాళ్లకన్నా మెల్లగా పోయేవారు. ఆయన ఒక సాయంత్రం కోపంతో మావారి దగ్గరికి వచ్చారు.

"వకీల్ సాబ్, దీని మీద కేసు ఏసుటానికి వస్తదా?" అన్నారు. "నేను ఇన్నేండ్లల్ల కోడిపిల్లను గూడ తొక్కలే. తగ్గింపు ఇస్తరు, మంచిదే. కాని అసలు రేటే అందరికి పెంచిరి. ఎవలో అడ్డం దిడ్డం నడిపి, ఎవల గోడనో గుడిసెనో గుద్దుతరు. వాళ్ల పైసలు నేనెందుకు కట్టాలె?"

మావారికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక, "కేసు నిలబడదు డాక్టర్ సాబ్. రేటు చట్టం ప్రకారమే పెంచిండ్రు. ఒకరి నష్టం అందరు పంచుకునుడే బీమా" అని చెప్పారు.

"పంచుకుంటా. కాని గా గుద్దేటోళ్లు ఎవలో నాకు ఒక్కసారి చూడాలనున్నది."

నేను ఆయనకు బిస్కట్ల పళ్లెం దగ్గరగా జరిపాను. "తీసుకోండ్రి, డాక్టర్ సాబ్" అన్నాను. మా ఇంట్లో ఏ అతిథికీ అంత మర్యాద చేసి ఉండను. సుల్తానాబాద్ గడ్డి కప్పులో ఆయన వంతు పైసలు కూడా ఉన్నాయని అప్పుడే నాకు తట్టింది. ఆయనకే కాదు, ఏ ఊళ్లోనో మెల్లగా బండి నడుపుకునే ఎందరికో నేను బాకీ ఉన్నాను. వాళ్లెవరూ నన్ను ఎరుగరు.

డాక్టరు గారు బిస్కటు తీసుకుని నా వంక మెచ్చుకోలుగా చూశారు.

"మీరు గూడ నడుపుతరు గదమ్మా. ఎన్నడన్న ఎవల్నన్న గుద్దినట్టు నేనైతే వినలే."

మావారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. అవి తీస్తే ఆయనకు ఎదురుగా ఉన్న మనిషి కూడా ఆనడు.

"అంత దేవుని దయ" అని చెప్పి, నీళ్లు తెచ్చే వంకతో నేను లోపలికి వెళ్లిపోయాను.